గొళ్లెం సార్‌కి లేటు వీడ్కోలు

సోమవారం

టీవీ రిమోట్‌కి కోడలు ప్లాస్టిక్ కవరు తొడిగింది. దుమ్ము పడకుండానట. పైన రబ్బరు బ్యాండు కూడా వేసింది. ఇప్పుడు సౌండు పెంచుదామని నొక్కితే ఛానెల్ మారుతోంది. ఛానెల్ మారుద్దామని నొక్కితే ఏమీ అవడం లేదు. ఏ వేలు ఎక్కడ పడుతుందో ఆ కవరుకే తెలియాలి. "అమ్మా, టీవీకి కూడా ఒకటి తొడిగెయ్, చూసే బాధ తప్పుతుంది" అన్నాను. "ముందు మీకు తొడుగుదామనుకున్నా మామయ్యా, సైజు దొరకలేదు" అంది. మాటకి మాట. ఇదంతా నా దగ్గరే నేర్చుకుంది, ఇప్పుడు నా మీదే పరీక్ష రాస్తోంది.

మనవరాలు నిన్న ఆఫీసుకి వెళ్లింది, ఇంకా ఇంటికి రాలేదు. ఆదివారం పూట ఏం ఆఫీసే అంటే కంప్యూటర్లు పడిపోయాయంది. ఇవాళ ఫోన్ చేసి, "లేచాయా?" అన్నాను. "తాతా, ప్లీజ్" అని పెట్టేసింది.

మంగళవారం

పొద్దున్నే వచ్చింది. స్నానం చేసి, ప్లేటు ముందు కూర్చుని, ప్లేటులో ఉన్నది తినడానికా చూడడానికా అన్నట్టు కూర్చుంది. కోడలు కోప్పడింది. నేను పక్కన కుర్చీ వేసుకున్నాను.

"అసలేమైందో నాకు చెప్పు. నేను ఏడో తరగతి వరకూ వెళ్లినవాణ్ని, అర్థమవుతుంది."

"ఏడు పాసయ్యావా తాతా?"

"వెళ్లానన్నాను."

నవ్వింది. ఆ తర్వాత చెప్పింది. వీళ్లది పార్సిళ్ల కంపెనీ. ఎవరి పార్సిల్ ఎక్కడుంది, ఎవరు ఉద్యోగులు, ఎవరి పాస్‌వర్డు ఏంటి, ఏ తలుపు ఎవరి కార్డుకి తెరుచుకోవాలి, అన్నీ సర్వర్లలో ఉంటాయి. ఆఫీసు మొత్తానికి అదే బుర్ర. దాన్ని చూసుకోవడం ఈ పిల్ల ఉద్యోగం. శనివారం ఆ బుర్ర వేడెక్కి మాడిపోయింది. ఇలాంటి రోజు కోసం బుర్రలో ఉన్నదంతా ఎప్పటికప్పుడు ఇంకో చోట కాపీ దాచుకుంటారు, దాన్ని బ్యాకప్పు అంటారు. కష్టపడి కొత్త మిషన్ల మీద ఆ కాపీ ఎక్కించింది. మిషన్లు లేచాయి.

"లేచాయిగా, ఇంకేంటి?"

"ఆ కాపీ ఎనిమిది నెలల కిందటిది తాతా. ఇప్పుడు మా ఆఫీసు బుర్ర ఎనిమిది నెలల వెనక ఉంది. అందరూ ఈలోపు పాస్‌వర్డులు మార్చుకున్నారు. అదేమో పాతది అడుగుతోంది. పాతది ఒక్కరికీ గుర్తులేదు. ఎవరూ లాగిన్ అవలేకపోతున్నారు."

"నీది కొట్టి లోపలికెళ్లి అందరివీ మార్చెయ్."

"నేను చేరి ఏడు నెలలే. ఆ బుర్రకి నేనెవరో తెలీదు."

"అంటే ఆఫీసు లెక్కలో నువ్వింకా పుట్టలేదు."

"పుట్టలేదు."

"పుట్టనిదానికి అన్నం ఎందుకు, ఆ ప్లేటు ఇటివ్వు" అన్నాను. గబగబా నాలుగు ముద్దలు తినేసింది. చిన్నప్పటి నుంచీ ఈ పిల్ల మీద ఇదొక్కటే పనిచేస్తుంది.

ఎనిమిది నెలల కిందట అన్ని తలుపులూ తెరిచే హక్కు ఒకే ఒక్క మనిషికి ఉండేదట. ఈ పిల్ల కన్నా ముందు ఆ సీట్లో ఉన్నాయన. ఆ పాస్‌వర్డు ఆయన ఒక్కడికే తెలుసు. ఆయన రిటైరై వెళ్లిపోయాడు.

"ఎవరాయన?"

"అసలు పేరు ఎవరూ పిలవరు. గొళ్లెం సార్ అంటారు."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ పేరు పెట్టింది నేను. నేను కండక్టర్‌గా ఉన్నన్నాళ్లూ ఆయన రోజూ నా బస్సే ఎక్కేవాడు. ఎక్కగానే కిటికీ గొళ్లెం రెండుసార్లు లాగి చూసుకునేవాడు. దిగేముందు ఇంకోసారి. "గొళ్లెం సార్, బస్సు మాదే, మేం చూసుకుంటాం, మీరు దిగండి" అన్నానొకరోజు. బస్సంతా నవ్వింది. ఆ బస్సులోంచి ఆ పేరు ఆఫీసు దాకా వెళ్లి అక్కడ స్థిరపడిందంటే నాకు కాస్త గర్వంగానే ఉంది.

"ఏ స్టాపులో దిగుతాడో, ఏ సందులోకి తిరుగుతాడో నాకు తెలుసు. పద, వెళ్లి అడుగుదాం."

"వద్దు తాతా. మేనేజరు గారు ఫోన్ చేస్తే ఆయన ఎత్తట్లేదట. వెళ్లేటప్పుడు ఇద్దరికీ పడలేదు, కనీసం వీడ్కోలు సభ కూడా పెట్టలేదు. నేను చూసుకుంటా, నువ్వు ఎవర్నీ కలవొద్దు అన్నారు నాతో. నువ్వూ వెళ్లకు. మాటివ్వు."

మాటిచ్చాను. మాట ఇవ్వడం నాకు బాగా వచ్చు.

బుధవారం

క్యారేజీ తీసుకుని ఆఫీసుకి వెళ్లాను. తినిపించే వంకతో చూసి రావచ్చని.

గేటు దగ్గర కార్డు చూపిస్తే తెరుచుకునే తలుపు ఉంది. సగం మంది కార్డులు పనిచేయడం లేదని వాచ్‌మన్ దానికి ఇటుక అడ్డం పెట్టాడు. మిగతా సగం మంది తమ కార్డు పనిచేస్తుందని చూపించుకోవడానికి, తెరిచి ఉన్న తలుపుకి కూడా కార్డు చూపించి వెళ్తున్నారు. మెట్ల మీద, మెట్ల కింద, లిఫ్టు ముందు పార్సిళ్లు. ఒక అట్టపెట్టె మీద "ఇటువైపు పైకి" అని రాసి ఉంది, ఆ వైపు మీద ఒకాయన కూర్చుని టీ తాగుతున్నాడు. లోపల హాల్లో అందరూ కంప్యూటర్ల ముందే ఉన్నారు, చేతులు ఒళ్లో పెట్టుకుని, ఫొటోకి కూర్చున్నట్టు.

గోడకి నోటీసు అంటించారు. నేను రెండుసార్లు చదివాను. "లాగిన్ కాలేకపోతున్న ఉద్యోగులు తక్షణమే లాగిన్ అయి తమ ఫిర్యాదును నమోదు చేయవలెను."

"బాబూ, ఇది ఎవరు రాశారు?" అని టీ తాగే ఆయన్ని అడిగాను.

"మేనేజరు గారు. మెయిల్ కూడా పెట్టమన్నారు."

"మెయిల్ పనిచేస్తోందా?"

"లేదు. మెయిల్ పనిచేయడం లేదని మెయిల్ పెట్టమన్నారు."

ఆ మేనేజరు మూల గది బయట ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఫైళ్లు. చొక్కా మీద ముడత అన్నది లేదు. కూర్చున్నా మడత పడని చొక్కా నేను అదే మొదటిసారి చూడడం. ఇస్త్రీ అని పేరు పెట్టేశాను.

"గది మీదేనా బాబూ?" అన్నాను.

"నాదే."

"మరి బయట?"

ఒళ్లో ఫైళ్లు సర్దుకున్నాడు. మనవరాలు తర్వాత చెప్పింది. ఈయనకి ప్రమోషన్ వచ్చింది గొళ్లెం సార్ వెళ్లిన రోజునే, ఆ కాపీ తీసిన మర్నాడు. ఎనిమిది నెలల కిందటి బుర్రకి ఆ సంగతి తెలీదు. దాని దృష్టిలో ఈయన ఇంకా అసిస్టెంటే. అసిస్టెంటుకి ఆ తలుపు తెరవదు. అద్దంలోంచి చూస్తే లోపల ఏసీ శుభ్రంగా నడుస్తోంది. రిమోట్ బల్ల మీదుంది. ఖాళీ కుర్చీకి చల్లగా గాలి తగులుతోంది.

మనవరాలు ఉన్న గదిలో ఏసీ లేదు. గోడకి చతురస్రంగా తెల్ల మచ్చ ఉంది. కింద టేబుల్ ఫ్యాను తల ఊపుతోంది. సర్వర్లు ఉండే గది ఇదే.

"ఇక్కడి ఏసీ ఏదే?"

కళ్లతో ఇస్త్రీ గది వైపు చూపించింది. ప్రమోషన్ వచ్చిన నెలలో మోయించుకున్నాడట. సర్వర్లకి చెమట పట్టదు కదా అన్నాడట.

క్యారేజీ మూత తీసేలోపు ఇస్త్రీ వచ్చాడు, ఒక కాగితం పట్టుకుని.

"అమ్మాయ్, ఇంకో నాలుగు పాస్‌వర్డులు ఆలోచించాను. ఆయన స్కూటర్ నంబరు. ఆయన పెద్దమ్మాయి ముద్దుపేరు."

"సార్, కొట్టకండి సార్, దయచేసి. తప్పు కొట్టిన ప్రతిసారీ అకౌంటు కాసేపు మూసుకుపోతోంది."

"మూసుకుంటే తెరుచుకుంటుంది" అని కొట్టాడు. తప్పు. మూసుకుపోయింది. ఏదో ఘనకార్యం చేసినట్టు చొక్కా సర్దుకుని మళ్లీ స్టూలు దగ్గరికి వెళ్లాడు.

పిల్ల క్యారేజీ మూత మళ్లీ పెట్టేసింది.

బుధవారం, సాయంత్రం

కోడలు రిమోట్ కవరు తీసేసింది. చెప్పకుండానే. నా మొహం బాగోలేదట.

గురువారం

పొద్దున్న బాల్కనీలో బట్టలు తీయడానికి వెళ్లిన పిల్ల ఎంతకీ రాలేదు. వెళ్లి చూస్తే ఆరిన చొక్కా పట్టుకుని అలాగే నిలబడి ఉంది. నన్ను చూసి మడత పెట్టడం మొదలుపెట్టింది. మడతలు వంకరగా పడుతున్నాయి.

"నా ఉద్యోగం పోతుంది తాతా."

"ఎవరన్నారు?"

"మేనేజరు గారి రిపోర్టు తయారైంది. రేపు ఓనరమ్మ వస్తున్నారు. బ్యాకప్పు ఆగిపోయిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదని, కొత్త అమ్మాయి నిర్లక్ష్యమని రాశారు. నన్ను పర్మనెంట్ చేసేది ఈ వారమే. ఇలా రాసి పంపితే ఇంకెక్కడా కూడా తీసుకోరు."

"నువ్వు చెప్పావా, చెప్పలేదా?"

"మూడుసార్లు చెప్పాను. బ్యాకప్పు గొళ్లెం సార్ అకౌంటు మీద నడిచేది. ఆయన వెళ్లిన రోజే మేనేజరు గారు ఆ అకౌంటు మూయించేశారు. దాంతో బ్యాకప్పూ ఆగింది. నేను చేరగానే చూసి చెప్పాను. వేరే అకౌంటు కింద పెట్టాలంటే ఆయన సంతకం కావాలి. చూద్దాం అన్నారు. మళ్లీ మెయిల్ పెట్టాను. మళ్లీ పెట్టాను."

"ఆ మెయిళ్లు తీసి ఓనరమ్మ ముందు పడెయ్."

పిల్ల నా వైపు ఎలా చూసిందంటే, నేను నిజంగా ఏడు పాసవలేదని దానికి ఆ క్షణంలో అర్థమైనట్టుంది.

"ఆ మెయిళ్లు మాడిపోయిన సర్వర్లో ఉన్నాయి తాతా. పాత కాపీలో నేనే లేను, నా మెయిళ్లెలా ఉంటాయి?"

చొక్కా నా చేతికిచ్చి లోపలికెళ్లిపోయింది. నేనూ మడత పెట్టాను. నాదీ వంకరగానే వచ్చింది.

టిఫిన్ అయ్యాక నడకకి వెళ్తున్నానని కోడలికి చెప్పి గొళ్లెం సార్ ఇంటికి వెళ్లాను. నడిచే వెళ్లాను కాబట్టి అబద్ధం కాదు. ఆయన స్టాపు, ఆయన సందు, ఏమీ మారలేదు. తలుపుకి మూడు గొళ్లేలున్నాయి. ఒక్కొక్కటీ తీస్తున్న చప్పుడు వినిపిస్తుంటే ఇల్లు ఇదేనని ఖాయమైంది. నన్ను చూసి "కండక్టర్ గారూ" అని చేతులు పట్టుకున్నాడు. వాళ్లావిడ కాఫీ ఇచ్చింది. మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో రాయాలంటే చెయ్యి లాగుతోంది. రేపు పది గంటలకి ఆఫీసుకి వస్తాడు. అంతే.

అక్కణ్నుంచి తిన్నగా ఇస్త్రీ దగ్గరికి వెళ్లాను. స్టూలు మీదే ఉన్నాడు.

"గొళ్లెం సార్‌ని కలిశాను" అన్నాను.

లేచి నిలబడ్డాడు. ఒళ్లోని ఫైళ్లు కింద పడ్డాయి. "ఫోనే ఎత్తని మనిషి మిమ్మల్ని కలిశాడా?"

"నేను ఆయన కండక్టర్ని."

"పాస్‌వర్డు చెప్పాడా? రాసుకొచ్చారా?"

"నోటికి రాదట. వేళ్లకే వస్తుందట. అన్నేళ్లు కొట్టీ కొట్టీ వేళ్లకి అలవాటైపోయింది కానీ, చెప్పమంటే ఒక్క అక్షరం తెలీదట. కాబట్టి మనిషే రావాలి."

"రమ్మనండి. కారు పంపిస్తా."

"కారు సంగతి ఆయనే అన్నాడు. ముందు సీట్లో కూర్చోబెట్టాలన్నాడు."

"అలాగే."

"వచ్చాక వీడ్కోలు సభ పెట్టాలి."

ఇస్త్రీకి అర్థం కాలేదు. "ఎవరికి?"

"ఆయనకే. వెళ్లిన రోజు పెట్టలేదుగా. మనసులో ఉండిపోయింది. పెద్ద కుర్చీ, దండ, కేకు, అందరూ కలిసి ఫొటో. కేకు పైనాపిల్‌దే ఉండాలట."

"పెద్దాయనా, మనిషి వెళ్లిపోయి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు వీడ్కోలేంటి?"

"మీ కంప్యూటర్ దృష్టిలో ఆయన ఇంకా వెళ్లలేదుగా బాబూ."

ఇస్త్రీ మళ్లీ స్టూలు మీద కూర్చుని గది వైపు చూశాడు. లోపల ఏసీ ఇంకా నడుస్తోంది.

"ఇంకేమైనా ఉందా?"

"మీరు మాట్లాడాలి, అది కూడా ఓనరమ్మ ముందే. ఆయన సేవలు అమూల్యం, నిబద్ధత, అలాంటివి వద్దట. ఆయన వెళ్లాక ఆఫీసులో ఏమేం ఆగిపోయాయి, ఆయన లోటు ఎవరికి ఎలా తెలిసింది, అదంతా పూసగుచ్చినట్టు చెప్పాలట. అది వింటే గానీ వేళ్లు కదలవన్నాడు."

"అదెంత పని" అన్నాడు ఇస్త్రీ. "పొగడడం నాకు వదిలెయ్యండి."

వదిలేశాను.

గురువారం, దీపాలు పెట్టాక

అమ్మడికి గొళ్లెం సార్ వస్తాడని చెప్పాను. మాట తప్పానని కోప్పడుతుందనుకున్నా. కోప్పడలేదు. "ఆయనొచ్చి తెరిచినా నా రిపోర్టు నాకుంటుంది తాతా" అంది. టేబుల్ దగ్గర కూర్చుని కొత్త ఉద్యోగం కోసం ఏదో రాసుకుంటోంది. ఎక్కడెక్కడ పనిచేశావు అన్నచోట ఈ కంపెనీ పేరు రాసి, కొట్టేసి, మళ్లీ రాసింది.

శుక్రవారం

ఇవాళ్టిది తీరిగ్గా రాయాలి.

పదింటికి కారు వచ్చింది. గొళ్లెం సార్ ముందు సీట్లోంచి దిగి, కారు తలుపు మూసి, రెండుసార్లు లాగి చూశాడు. వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు. గేటు దగ్గర తన పాత కార్డు చూపిస్తే పచ్చలైటు వెలిగింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. కార్డు పనిచేస్తే చప్పట్లు కొట్టే స్థితికి వచ్చింది ఆ ఆఫీసు.

హాల్లో పార్సిళ్లు పక్కకి నెట్టి పెద్ద కుర్చీ వేశారు. దండ వేశారు. కేకు మీద ఈయన పేరు రాయించాలంటే అసలు పేరు ఎవరికీ తెలీక "సార్‌కి" అని రాయించారు. గొళ్లెం సార్ దండ సర్దుకుంటూ నా వైపు వంగి, "కండక్టర్ గారూ, ఇదంతా ఎందుకండీ, ఆ పని చూసేస్తే పోదా" అన్నాడు.

ఇస్త్రీ కంగారుగా నా దగ్గరికొచ్చాడు. "ఏమంటున్నాడు?"

"దండ చిన్నదిగా ఉందంటున్నాడు. కానివ్వండి, మీరు మొదలుపెట్టండి."

ఓనరమ్మ మొదటి వరసలో కూర్చుంది. కళ్లజోడు, చేతిలో ఇస్త్రీ ఇచ్చిన రిపోర్టు. నవ్వదు, మాట్లాడదు. మనవరాలు గోడ పక్కన నిలబడి ఉంది, చేతులు వెనక్కి పెట్టుకుని, బడిలో బయట నిలబెట్టిన పిల్లలా.

ఇస్త్రీ మైకు పట్టుకున్నాడు. "ఆయన సేవలు మరువలేనివి. ఆయన ఈ సంస్థకి మూలస్తంభం. ఆయన ఒక వ్యక్తి కాదు, ఒక వ్యవస్థ." గొళ్లెం సార్ కేకు వైపు చూస్తున్నాడు.

నేను వెనక నుంచి చిన్నగా అన్నాను. "బాబూ, వేళ్లు చూడండి. కదలట్లేదు. ఆయన లేకపోతే ఏం ఆగిందో చెప్పండి."

ఇస్త్రీ గొంతు సవరించుకున్నాడు. "అసలు ఆయన లోటు మాకు మొదటిరోజే తెలిసింది. ఆయన వెళ్లిన సాయంత్రం నేను ఆయన అకౌంటు మూయించాను. మర్నాటి నుంచి బ్యాకప్పే ఆగిపోయింది. ఆలోచించండి. ఈ కంపెనీ బ్యాకప్పు మొత్తం ఆయన పేరు మీద నడిచేది. ఆయన లేరు, బ్యాకప్పు లేదు."

గొళ్లెం సార్ జేబులోంచి రుమాలు తీశాడు. అది చూసి ఇస్త్రీకి ఊపు వచ్చింది.

"నేను చెప్పడం కాదు. మన కొత్తమ్మాయే సాక్ష్యం. చేరిన వారంలోనే నా దగ్గరికొచ్చింది. సార్, ఆయన వెళ్లినప్పటి నుంచీ బ్యాకప్పు అవ్వట్లేదండీ అంది. మళ్లీ మెయిల్ పెట్టింది. నెల తిరక్కుండా మూడోసారీ పెట్టింది. మూడుసార్లు. ఆయన్ని ఎన్నడూ చూడని అమ్మాయికి కూడా ఆయన లోటు అంతలా తెలిసింది."

హాల్లో ఎవరో దగ్గారు. మనవరాలు గోడకి ఆనుకున్నదల్లా నిటారుగా నిలబడింది.

"ఇంకో సంగతి" అన్నాడు ఇస్త్రీ. గొళ్లెం సార్ కళ్లు తుడుచుకుంటున్నాడు, ఇస్త్రీ దృష్టంతా ఆ రుమాలు మీదే. "ఆయన ఉన్నన్నాళ్లూ సర్వర్ గదిలో ఏసీకి చెయ్యి తగలనిచ్చేవారు కాదు. తలుపుకి తాళం. ఆ ఏసీ ఆయన వెళ్లాకే కదా నా గదికి..."

అక్కడ ఆగాడు. మాట నోట్లోంచి బయటికొచ్చాక దాని మొహం చూసినట్టున్నాడు.

"ఆగారేం" అంది ఓనరమ్మ. "మీ గదికి?"

"అంటే, మేడమ్, అది తాత్కాలికంగా..."

ఆవిడ రిపోర్టు తిరగేసింది. "అమ్మాయి ఎవరికీ ఒక్కసారి కూడా చెప్పలేదని రాశారు ఇక్కడ."

"మేడమ్, ఇది వీడ్కోలు సందర్భం కాబట్టి కొంచెం అతిశయోక్తి..."

"మూడుసార్లని చెప్పారు. వారాలతో సహా చెప్పారు. ఏది అతిశయోక్తి?"

ఇస్త్రీ మైకు వైపు చూశాడు. మైకు ఏం చెబుతుంది. చొక్కా మీద మొట్టమొదటిసారి, భుజం దగ్గర, ఒక ముడత పడింది. నేను కళ్లారా చూశాను.

ఆవిడ రిపోర్టుని నాలుగు మడతలు పెట్టి బ్యాగులో వేసుకుంది. "ముందు తలుపు తెరవండి. మిగతాది తర్వాత మాట్లాడదాం." గోడ వైపు చూసి, "నువ్వు రామ్మా, ఆయన పక్కన కూర్చో" అంది.

గొళ్లెం సార్ కంప్యూటర్ ముందుకి వచ్చాడు. వెనక అందరూ గుమిగూడారు. ఆయన తిరిగి చూసి కదల్లేదు. మనిషి నైజం అది, ఎవరైనా చూస్తుంటే తాళం తియ్యడు. "అందరూ అటు తిరగండి" అన్నాను, బస్సులో అన్నట్టే. ఆఫీసు మొత్తం గోడ వైపు తిరిగింది. ఓనరమ్మ కూడా తిరిగింది. ఆవిడ మొహం ఎదురుగా ఆ లాగిన్ నోటీసు ఉంది. చదివినట్టుంది, భుజాలు కదిలాయి.

మొదటిసారి కొట్టాడు. తప్పు. అకౌంటు మళ్లీ తెరుచుకునేదాకా అందరూ గోడ వైపే నిలబడ్డారు.

"నిలబడి కొడితే రాదు" అన్నాడు. కూర్చున్నాడు. దండ తీసి పక్కన పెట్టాడు. కళ్లు మూసుకున్నాడు. చిటపటా చిటపటా చప్పుడైంది, వాన మొదలైనట్టు.

"వచ్చింది" అంది మనవరాలు. గట్టిగా కూడా అనలేదు.

ఆయన చేసిన మొదటి పని ఈ పిల్లకి అకౌంటు ఇవ్వడం. "పేరు చెప్పమ్మా" అన్నాడు. పిల్ల పేరు చెప్పింది. ఆఫీసు లెక్కలో అప్పుడు పుట్టింది. తర్వాత ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కరికీ కొత్త పాస్‌వర్డులు ఇవ్వడం మొదలుపెట్టారు. జనం మీద పడుతుంటే నేను నిలబడి లైను పెట్టించాను. ముందుకి జరగండి, ముందుకి జరగండి, అయిపోయినవాళ్లు దిగండి. ఇన్నేళ్లకి ఆ మాటలు అంటుంటే నోరు బాగుంది.

ఇస్త్రీ కూడా లైన్లో నిలబడ్డాడు, అందరికన్నా చివర. "సార్‌కి ఏ హోదా పెట్టమంటారు మేడమ్?" అని గొళ్లెం సార్ ఓనరమ్మని అడిగాడు. "ప్రస్తుతానికి ఉన్నది మార్చకండి" అంది ఆవిడ.

శనివారం

అమ్మడు పొద్దెక్కేదాకా పడుకుంది. కోడల్ని మిక్సీ వెయ్యనివ్వలేదు.

సోమవారం

పిల్ల పర్మనెంటైంది. ఏసీ పాత గోడకే వచ్చిందట. టేబుల్ ఫ్యాను మూల గదిలో తల ఊపుతోందట. గొళ్లెం సార్ వారానికోసారి వచ్చి చూసుకునేలా ఓనరమ్మ మాట్లాడిందట. బ్యాకప్పు ఇప్పుడు ఏ మనిషి పేరు మీదా లేదు.

భోజనాల దగ్గర పిల్ల నా వైపు చూసి, "తాతా, గొళ్లెం సార్ పైనాపిల్ కేకు ముట్టుకోలేదు. ఆయనకి పైనాపిల్ పడదట" అంది.

"ముసలితనం. మారిపోతుంటారు."

"నువ్వు మాత్రం మూడు ముక్కలు తిన్నావు."

"ఎవరో ఒకరు తినాలిగా, పాపం."

పిల్ల నవ్వి మళ్లీ అన్నంలో పడింది. కోడలు మాత్రం మజ్జిగ పోస్తూ నా గ్లాసు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది.

ఇక్కడ రాస్తే ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. గొళ్లెం సార్ ఏమీ అడగలేదు. గురువారం నేను సంగతి చెప్పి సగం కూడా కాకముందే, "అయ్యో, పిల్ల ఇబ్బంది పడుతోందా" అంటూ చెప్పుల కోసం వంగాడు. ఇస్త్రీ ఫోన్ ఎందుకు ఎత్తలేదని అడిగితే, ఫోన్ తెచ్చి చూపించాడు. ఎనిమిది నెలలుగా ఆఫీసు నుంచి ఒక్క ఫోనూ లేదు. ఎవరైనా చేస్తారేమోనని స్నానానికి వెళ్తూ కూడా పక్కన పెట్టుకునేవాడట. వాళ్లావిడ చెప్పింది, ఆయన వినకుండా.

ఒక చెప్పు వేసుకున్న మనిషిని నేనే ఆపాను. "ఇవాళ వద్దు సార్, రేపు కారు పంపిస్తారు" అని చెప్పు విప్పించి కూర్చోబెట్టాను. కారు ముందు సీటు నాది. దండ నాది. సభ నాది. ఏమేం ఆగిపోయాయో చెప్పాలన్నది నాది. ఒక రాత్రి ముందే తెరుచుకునే తలుపుని ఒక రాత్రి లేటు చేశాను, ఆ రాత్రి పిల్ల సరిగ్గా నిద్రపోలేదు. అదొక్కటే బాధ.

పైనాపిల్ కూడా నాదే. ఇంట్లో నాకు తీపి పెట్టరు.